ఆప్ట్-గెట్ కంటైనర్‌లో నోరు మూసుకుని పని చేస్తుందా?

మా టీమ్‌లో డాకర్ ఇమేజ్‌లు (అప్లికేషన్‌నూ దానికి కావలసినవాటినీ కలిపి కట్టిన మూటలు, కంటైనర్లు నడిచేది వీటినుంచే) బిల్డ్ చేసే పని నాది. బేస్ ఎక్కువగా డెబియనో ఉబుంటునో (రెండూ లినక్స్ రకాలే) కాబట్టి రోజూ వాటి ప్యాకేజీ ఇన్‌స్టాలర్ ఆప్ట్-గెట్‌తోనే కాపురం. ప్యాకేజీలు తెచ్చిపెట్టడంలో దానికి వంక పెట్టలేను. నా పేచీ అంతా దాని నోటితోనే: అడిగే ప్రశ్నలు, వాగే లైన్లు.

మైనస్ వై (-y) ఆప్షన్ ఇస్తే చాలనుకుంటారు చాలామంది. అది 'కొనసాగించాలా' అన్న ప్రశ్నకే జవాబు. డిపెండెన్సీగా టీజెడ్‌డేటా (టైమ్‌జోన్ల ప్యాకేజీ) వచ్చిందంటే మీది ఏ ఖండం, ఏ ఊరు అని అడుగుతూ కూర్చుంటుంది. బిల్డ్‌లో జవాబు చెప్పేదెవరు? ఈ ప్రశ్న డెబ్‌కాన్ఫ్‌ది, అంటే ప్యాకేజీల సెట్టింగ్‌లు అడిగే భాగానిది. దానికి డెబియన్ ఫ్రంటెండ్ (DEBIAN_FRONTEND) వేరియబుల్‌ను నాన్‌ఇంటరాక్టివ్ చేయాలి. అదీ డాకర్‌ఫైల్‌లో ఎన్వ్ (ENV) లైనుగా కాదు, అలా ఇస్తే తయారైన ఇమేజ్‌లోనూ ఉండిపోతుంది. బిల్డ్ వరకే ఉండే ఆర్గ్ (ARG) గానో, ఆ ఒక్క కమాండ్ ముందో ఇవ్వండి. ఇంతా చేశాక, మీరు ముందే మార్చిన కాన్ఫిగ్ ఫైల్ ఎదురైతే పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని డీపీకేజీ (ఆప్ట్-గెట్ కింద ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) అడుగుతుంది. దానికి ఫోర్స్-కాన్ఫోల్డ్, అంటే పాతదే ఉంచమని, విడిగా చెప్పాలి. ఒక్క ఫైలు కదలడానికి ముగ్గురు ఆఫీసర్ల సంతకాలన్నమాట!

ఇక వాగుడు. మైనస్ క్యూక్యూ (-qq) పెడితే డౌన్‌లోడ్ గోల పోతుంది, మైనస్ వై కూడా అందులోనే వచ్చేస్తుంది. అయినా 'అన్‌ప్యాకింగ్', 'సెట్టింగ్ అప్' లైన్లు ఆగవు. అవుట్‌పుట్‌ను డెవ్ నల్‌కు (పంపినదల్లా మాయమయ్యే చోటు) మళ్లిస్తేనే ఆగుతాయి. ఎర్రర్లను మాత్రం అటు పంపకండి. ఒక పాత స్క్రిప్ట్‌లో రెండూ మూసేశారు. ప్యాకేజీ పేరులో ఒక అక్షరం తప్పు, లాగ్‌లో ఎగ్జిట్ కోడ్ 100 తప్ప ఇంకో ముక్క లేదు. అలాంటి నిశ్శబ్దం నాకొద్దు. ఆప్ట్-యుటిల్స్ అనే సహాయక ప్యాకేజీ లేదంటూ వచ్చే సందేశం వల్ల నష్టమేమీ లేదు, టెన్షన్ పడక్కర్లేదు.

ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌లోని ఇన్‌స్టాలర్ ఏపీకే అయితే మామూలుగా ప్రశ్నలే అడగదు. నో-క్యాష్ ఒక్కటి ఇస్తే ఇండెక్స్ కూడా మిగల్చదు. కానీ అక్కడున్నది మజిల్ (musl) అనే సీ లైబ్రరీ. డెబియన్, ఉబుంటుల్లో ఉండే జీలిబ్‌సీ (glibc) కోసం కట్టిన బైనరీలు చాలావరకు మొరాయిస్తాయి. అందుకే తిరిగి ఇక్కడికే వస్తాను.

నిశ్శబ్దానికి ఆప్ట్-గెట్‌కు ఐదుకు మూడు ఇస్తాను. స్క్రిప్ట్‌లో ఆప్ట్-గెట్ బదులు ఉట్టి ఆప్ట్ (apt) కమాండ్ వాడితే ఆ మూడూ రావు: తన కమాండ్‌లైన్ తీరు స్థిరం కాదు, స్క్రిప్టుల్లో జాగ్రత్త అని అదే హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికతో లాగ్‌లో ఇంకో లైను.