విశాఖలో బిజినెస్ అనలిస్ట్ కోర్సుకు డబ్బు కట్టబోతున్నవారికి

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి ద్వారకానగర్ వైపు నడిస్తే, సందు మలుపు తిరిగేలోగా చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. వాటిలో ‘బిజినెస్ సిస్టమ్స్ అనలిస్ట్, కోడింగ్ అక్కరలేదు, నూటికి నూరు శాతం ఉద్యోగం’ అని ఉన్నదాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. దాని ఖరీదు నాకు 85,000 రూపాయలు పడింది. సంస్థ పేరు రాయడం లేదు. పక్క సందులో ఇంకో పేరుతో బోర్డు కట్టుకోవడం వాళ్లకు ఒక పూట పని. పద్ధతి తెలిస్తే ఏ బోర్డు కిందైనా గుర్తుపడతారు.

నేను బీకాం చదివి, పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ స్టోర్సులో నాలుగేళ్లు పనిచేశాను. కౌన్సెలింగులో ఆ సంగతి చెబితే, ‘అది ఇక్కడ లెక్కలోకి రాదు సార్, మీకు కొత్త అనుభవం మేమే ఇస్తాం’ అన్నారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. తర్వాత గూగుల్ డేటా సెంటర్ గురించి 2025 అక్టోబరులో వచ్చిన పేపరు కటింగులు తెర మీద చూపించారు. డేటా సెంటర్ అంటే ప్రధానంగా సర్వర్లు, కరెంటు, వాటిని చల్లబరిచే యంత్రాలు. అది వస్తే నాలాంటివాడికి ఏ కుర్చీ ఖాళీ అవుతుందని అడగాలని ఆ రోజు తోచలేదు. గది నిండా జనం, ఏసీ చల్లగా ఉంది, కాఫీ కూడా ఇచ్చారు.

మూడు నెలల్లో నేర్పింది నమూనా పత్రాలు నింపడం. గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌కు ఒక బీఆర్‌డీ, అంటే వ్యాపార అవసరాల పత్రం, ముందే రాసి ఉంటుంది. అట్ట మీద పేరు మార్చి ‘నా ప్రాజెక్టు’ అనాలి. పదకొండో పేజీలో ‘లైబ్రేరియన్’ స్పెల్లింగు తప్పు ఉండేది. మా బ్యాచ్‌లో అందరి ప్రాజెక్టుల్లోనూ అదే పేజీలో అదే తప్పు!

అసలు దెబ్బ రుషికొండలో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో తగిలింది. అక్కడి మేడం ఒకటే ప్రశ్న వేశారు. ‘ఒక ఆసుపత్రిలో డిశ్చార్జి బిల్లుకు నాలుగు గంటలు పడుతోంది. త్వరగా బిల్లు తీసే సాఫ్ట్‌వేర్ కావాలంటున్నారు. ముందు ఏం చేస్తారు?’

‘బీఆర్‌డీ తయారు చేస్తాను మేడం.’

‘దేని గురించి?’

నా దగ్గర సమాధానం లేదు. ఆమె విసుక్కోలేదు, ఫైలు మూసి ఓపికగానే చెప్పారు. ఆలస్యం సాఫ్ట్‌వేర్ వల్లనే అని ఎవరు తేల్చారు? డాక్టరు సంతకం సాయంత్రం రౌండ్లకు గానీ పడదేమో. ఇన్సూరెన్సు అనుమతి రావాలేమో. వార్డులో వాడని మందులు ఫార్మసీకి తిరిగి చేరేదాకా బిల్లు మూయలేరేమో. ముందు వెళ్లి నర్సును, బిల్లింగు గుమాస్తాను అడగాలి కదా అన్నారు. మందులు తిరిగి రావడం అనగానే నా తల తిరిగిపోయింది. మిగిలిన సరుకు వెనక్కి రాకుండా లెక్క మూయకూడదని నాలుగేళ్లు ప్రతి సెక్షనుతోనూ పోట్లాడినవాణ్ణి నేను. నాకు తెలిసిన ఆ ఒక్క జవాబునే లెక్కలోకి రాదని ఈ కోర్సువాళ్లు 85,000 తీసుకుని మరిపించారు.

ఆ ఉద్యోగం ఏమిటో డబ్బు పోయాక తెలుసుకున్నాను. మీరు ముందే తెలుసుకోండి. బిజినెస్ అనలిస్ట్ మనుషుల వైపు నిలబడతాడు: ఎవరికి ఏం కావాలి, ఇద్దరు అధికారులు ఎదురెదురు మాటలు చెబితే ఏది నిలుస్తుంది, ఇప్పుడు పని ఎలా జరుగుతోంది, రేపు ఎలా జరగాలి. సిస్టమ్స్ అనలిస్ట్ ఆ అవసరాన్ని యంత్రం వైపు నుంచి చూస్తాడు: ఏ డేటా ఎక్కడ ఉంది, ఏ సిస్టమ్ దేనితో మాట్లాడాలి, ఒకచోట మారిస్తే ఇంకెక్కడ చెడుతుంది. చాలాచోట్ల ఈ రెండూ ఒకరే చేస్తారు. చివర్లో వాడుకరుల పక్కన కూర్చుని, తయారైన సాఫ్ట్‌వేర్‌ను పరీక్ష చేయించే పనీ తరచు వీరిదే. ‘కోడింగ్ అక్కరలేదు’ అన్నది సగం నిజం. డేటా సరిచూసుకోవడానికి ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేసు నుంచి సమాచారం అడిగి తీసుకునే భాష, వచ్చా అని నన్ను వెళ్లిన ప్రతిచోటా అడిగారు. మాకు దాన్ని రెండు క్లాసుల్లో ముగించారు.

సర్టిఫికెట్ సంగతి ఇంకా ఘోరం. కోర్సు చివర ‘సీబీఏపీ’ వస్తుందన్నారు. అది 2003లో కెనడాలో మొదలైన ఐఐబీఏ అనే బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంస్థ ఇచ్చేది. ఆ పరీక్షకు గత పదేళ్లలో 7,500 గంటల అనలిస్ట్ పని అనుభవం చూపాలి. దాని కింది మెట్టు సీసీబీఏకే ఏడేళ్లలో 3,750 గంటలు కావాలి. ఈ మెట్లలో అనుభవం లేనివారికి ఉన్నది అన్నిటికన్నా కిందిదైన ఈసీబీఏ, దానికి ఎవరైనా నేరుగా ఐఐబీఏ వెబ్‌సైటులో నమోదు చేసుకోవచ్చు. నా చేతికి వచ్చింది సంస్థ సొంత ముద్ర ఉన్న కాగితం. గంటల గురించి నిలదీస్తే, ఇంకో 20,000 కడితే అనుభవ పత్రం ఇప్పిస్తామన్నారు! కంపెనీలు పీఎఫ్ ఖాతా చరిత్ర చూసి ఇలాంటివి ఇట్టే పట్టేస్తాయి. ఆ గొయ్యిలో మాత్రం పడలేదు.

డబ్బు కట్టిన తీరు కూడా వినండి. ‘వడ్డీ లేని వాయిదాలు’ అని కౌంటరు దగ్గర నా ఫోను తీసుకుని, వచ్చిన ఓటీపీ తామే కొట్టారు. అది నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పు అని మొదటి వాయిదా కోసినప్పుడు అర్థమైంది. క్లాసులు మానేసినా వాయిదా ఆగదు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం డిజిటల్ అప్పుకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి, పెద్ద నష్టం లేకుండా తప్పుకోవడానికి మొదట్లో కొంత గడువూ ఉండాలి. అడిగి తీసుకోండి, ఓటీపీ మీరే కొట్టండి. రసీదు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. నా రసీదులో ముందు వైపు ఆ నంబరు లేదు, వెనక వైపు ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అన్న ఊదారంగు ముద్ర ఉంది. అదీ ఇంటికి వెళ్లాక చూశాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఉద్యోగం గ్యారంటీ అని అబద్ధపు ప్రకటనలు ఇవ్వకూడదని కోచింగ్ కేంద్రాలకు 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే కరపత్రం పారేయకుండా జత చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు.

పోయిన వారం వాళ్లే ఫోను చేశారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సగం ఇస్తారట. కాగితం మీద రాసి పంపమన్నాను. ఇంతవరకు రాలేదు. ఇదే పదకొండో పేజీ మీ ప్రాజెక్టులోనూ ఉంటే కింద రాయండి, కలిసి వెళ్దాం.