కిర్రుమనే తలుపుకి వైట్ లిథియం గ్రీజు: ఏళ్లపాటు వాడాక నా అభిప్రాయం

మా పడకగది చెక్క తలుపు బందులకి వైట్ లిథియం గ్రీజు పెట్టి ఏళ్లు గడిచాయి. వానాకాలాలూ వేసవులూ దాటినా అది ఇంకా చప్పుడు చేయకుండానే తెరుచుకుంటోంది. ఇంట్లో మనమే చేసుకోగలిగిన వాటిలో ఇంతకాలం నిలిచింది నాకు మరొకటి కనబడలేదు. అయితే చప్పుడు బందులదే అయితేనే ఇది పనికొస్తుంది. ముందు అది తేల్చుకోవాలి.

చెవిని నమ్ముకుంటే లాభం లేదు. తలుపు పలక మొత్తం అదిరి శబ్దాన్ని పెంచుతుంది కాబట్టి ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. తలుపును మెల్లగా కదుపుతూ ఒక్కో బందు మీద వేలు ఆనించి చూడండి. అరిచే బందు వేలికి సన్నగా అదురుతూ దొరికిపోతుంది. మా తలుపుకి అది పై బందు. తలుపు బరువు పై బందును చట్రం నుంచి బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి బందు గొట్టంలో సీల ఒక పక్కకి ఒరిగి, ఇనుము ఇనుమును పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం క్షణంలో వందలసార్లు జరుగుతుంది. మనం వినే కిర్రు అదే. రాత్రిపూట ఎవరికీ నిద్రాభంగం కాకూడదని నెమ్మదిగా తీస్తే ఇంకా సాగదీసి అరిచేది కూడా అందుకే.

వంటనూనె వద్దు. ఆ పూటకి చప్పుడు ఆగుతుంది గానీ గాలి తగిలి జిగురుగా మారి దుమ్మును పట్టేస్తుంది. తుప్పు వదిలించే పల్చటి స్ప్రేల సంగతి వేరు, వాటి పని వాటిది. డబ్ల్యూడీ-40నే తీసుకుంటే, 1953లో దాన్ని తయారుచేసింది లోహం మీద తేమ చేరకుండా, తుప్పు పట్టకుండా చూడటానికి. మురికి వదిలించడానికి అలాంటి స్ప్రే బాగుంటుంది. కానీ పల్చటి పొర కాబట్టి రోజూ తిరిగే బందులో ఎక్కువకాలం నిలవదు. ముందు దానితో శుభ్రం చేసి, తర్వాత గ్రీజు పెట్టడం సరైన వరస.

సీల ఊడివచ్చే బందులైతే పని తేలిక. తలుపు మూసి, కింద సందులో చెక్కముక్క బిగించి, అడుగు నుంచి మేకుతో సుత్తి దెబ్బలు మెల్లగా కొడితే సీల పైకి వస్తుంది. ఒకటి తిరిగి పెట్టాకే రెండోది తీయాలి, లేదంటే తలుపు మీద పడుతుంది. మా సీల మధ్యలో ఒకవైపు మాత్రం అరిగి తళతళలాడుతోంది, మిగతాదంతా నల్లటి ముద్ద. గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ దించాను. నాలుగుసార్లు తెరిచి మూస్తే అదే సర్దుకుంటుంది. బయటికి వచ్చిన గ్రీజును అప్పుడే తుడిచేయండి. సీల రాని బందులకి స్ప్రే రూపంలో దొరికే గ్రీజే గతి. సన్న గొట్టంతో బందు అతుకుల్లోకి కొట్టాలి, వెనక గుడ్డ అడ్డుపెట్టాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

లోపాలూ ఉన్నాయి. తెల్లగా ఉన్న గ్రీజు కొన్నాళ్లకి బూడిదరంగుకి తిరుగుతుంది. లేతరంగు తలుపు మీద ఆ మరక బాగా కనబడుతుంది. తాళం లోపల మాత్రం పెట్టకండి, దుమ్ము చేరి బిగుసుకుంటుంది. దానికి గ్రాఫైట్ పొడి మంచిది.

ఇక గ్రీజు అసలు పనికిరాని చప్పుళ్లు. వానాకాలంలో తలుపు చట్రానికి రాసుకుంటూ మూలిగితే అది చెక్క ఉబ్బడం వల్ల. చెక్క పొడవులో దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకే గొళ్లెం వైపు పట్టేస్తుంది. అంచుకి సుద్ద రాసి తలుపు వేసి తీస్తే ఎక్కడ తగులుతోందో గుర్తు పడుతుంది. కొంచెమే తగులుతుంటే అక్కడ కొవ్వొత్తి రుద్దితే చాలు. తొందరపడి వానల్లోనే చిత్రిక పట్టిస్తే వేసవిలో సందు మిగులుతుంది. ఎప్పుడు చిత్రిక పట్టినా ఆ అంచుకి రంగో వార్నిషో వేయించాల్సిందే. పైఅంచు, కిందిఅంచు కూడా చూసుకోండి, చాలా తలుపులకి వాటిని రంగు వేయకుండా వదిలేస్తారు. తేమ లోపలికి దూరేది అక్కడే.

తలుపు జారి పైమూల రాసుకుంటుంటే పై బందు స్క్రూలు వదులయ్యాయని అర్థం. బెజ్జంలో జిగురు రాసిన అగ్గిపుల్లలు దిగ్గొట్టి, ఆరాక స్క్రూ బిగిస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. మా వంటగది తలుపు ఇప్పటికీ అలాగే గట్టిగా ఉంది. గాలికి టకటకలాడే తలుపుకైతే చట్రానికి ఫెల్టు పట్టీ అంటిస్తే సరి.

గ్రీజు మళ్లీ పెట్టాల్సి వచ్చింది స్నానాలగది తలుపుకి మాత్రమే. అక్కడ ఆవిరికి సీల మళ్లీ తుప్పు పట్టింది. తుప్పు పట్టని స్టీలు బందులు మార్పించాను, వాటికీ ఇదే గ్రీజు పెట్టాను.