ఓఓ, ఎన్, టీటీ, ఓ: పాత బ్రిటిష్ రైలును ఇంట్లో ఏ సైజులో కట్టడం మేలు?

పాత బ్రిటిష్ రైళ్ల మోడల్ కట్టాలనుకున్నవాళ్లు చాలామంది ముందు ఇంజన్ కొంటారు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ మీదో, 1938 జులై 3న గంటకు 126 మైళ్ల వేగం అందుకున్న మల్లార్డ్ మీదో మనసు పడతారు. బాక్సు ఇంటికొచ్చేసరికి సైజు ఖాయమైపోయి ఉంటుంది. ఇక దానికి సరిపడా జాగా కోసం వెతుకులాట. ఈ వరస తిరగేయమని నా సలహా. ఏ స్టేషన్ కట్టాలి, ఏ సంవత్సరం చూపించాలి, గదిలో ఎంత గోడ ఖాళీగా ఉంది అన్నవి తేలితే సైజు సంగతి సగం తేలినట్టే.

బ్రిటిష్ మోడళ్లలో ఎక్కువగా దొరికేది ఓఓ. అసలు రైల్లో ఒక అడుగు ఇందులో 4 మి.మీ. అవుతుంది, అంటే 1:76. ఎన్ దాదాపు అందులో సగం, 1:148. ఓ పెద్దది, అడుగుకు 7 మి.మీ. ఇవి కాక 2022లో హార్న్‌బీ సంస్థ బ్రిటిష్ రైళ్లను 1:120లో తెచ్చింది. దాని పేరు టీటీ:120.

ఓఓలో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. బ్రిటన్‌లో వంతెనలు, సొరంగాలు ఇరుగ్గా కట్టేశారు కాబట్టి అక్కడి ఇంజన్లు, పెట్టెలు యూరప్ వాటికంటే చిన్నవి. యూరప్‌లో వాడే 1:87 స్కేల్‌లో బ్రిటిష్ ఇంజన్ చేస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. దాంతో బాడీని 1:76కు పెంచారు, పట్టాల మధ్య దూరాన్ని మాత్రం 16.5 మి.మీ. దగ్గరే వదిలేశారు. అసలు గేజ్ (పట్టాల మధ్య దూరం) 1435 మి.మీ. ఓఓ పట్టాలను 76 రెట్లు పెంచి చూస్తే 1254 మి.మీ. వస్తుంది. దాదాపు ఏడంగుళాలు తక్కువ! ఎదురుగా నిలబడి చూస్తే ఇంజన్ కింద పట్టాలు ఇరుగ్గా ఉన్నట్టు తెలిసిపోతుంది.

ఈ లోపం సరిచేయడానికే ఈఎం, పీ4 అనే కొలతలు పుట్టాయి. బాడీ అదే 1:76, పట్టాల దూరం ఈఎంలో 18.2 మి.మీ., పీ4లో 18.83 మి.మీ. పీ4లో లెక్క పూర్తిగా సరిపోతుంది. కానీ కొన్న ప్రతి ఇంజన్‌కీ చక్రాలు మార్చాలి, పాయింట్లు (ఒక దారి రెండుగా చీలే పట్టాలు) చాలావరకు మనమే కట్టుకోవాలి. చక్రం అంచు అంత సన్నగా ఉన్నప్పుడు పట్టా ఎక్కడ కాస్త ఎగుడుదిగుడైనా రైలు పడిపోతుంది. అందుకే చాలామంది పీ4 ఇంజన్లకు స్ప్రింగులో, కదిలే ఇరుసులో పెడతారు. లోహం పని, టంకం పని ఇష్టమైనవాళ్లకు అదే ఆనందం. రైలు నడవడం చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఈఎం, పీ4లతో మొదలుపెట్టమని నేను చెప్పను.

ఎందుకంటే సహజత్వాన్ని గేజ్ కంటే ఎక్కువగా చెడగొట్టేది మలుపు. ఓఓ సెట్లలో మామూలుగా వచ్చే రెండో నంబరు మలుపు వ్యాసార్ధం 438 మి.మీ. దాన్ని అసలు సైజుకు పెంచితే 33 మీటర్లు. నిజమైన లైన్లలో 200 మీటర్ల మలుపే చాలా బిగుతైనది, దాని దగ్గర వేగం బాగా తగ్గించాల్సిందే. అంతటి మలుపును ఓఓలో నిజాయితీగా వేస్తే వ్యాసార్ధం 2.6 మీటర్లు దాటుతుంది. బల్ల మీద గుండ్రంగా తిరిగే పొడుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఎంత బాగా రంగు వేసినా బొమ్మలా కనిపించడానికి కారణం ఇదే.

పొడవు లెక్క కూడా చూడండి. పెద్ద ఇంజన్, ఎనిమిది పెట్టెలు కలిపితే అసలు రైలు 180 మీటర్ల పైమాట. ఓలో అది నాలుగు మీటర్లు దాటుతుంది, ఓఓలో సుమారు 2.4, టీటీలో ఒకటిన్నర, ఎన్‌లో 1.2 మీటర్లు. ప్లాట్‌ఫాం కూడా అంతే పొడవుండాలి. కాబట్టి మెయిన్ లైన్ మీద ఎక్స్‌ప్రెస్ దూసుకుపోవడమే మీ కోరికైతే ఎన్ మేలు. పెట్టెలను కలిపే కప్లింగులు కాస్త మోటుగా ఉంటాయి, స్టీమ్ ఇంజన్ కడ్డీల్లో నాజూకు తగ్గుతుంది. అయినా రైలు చుట్టూ పొలాలకూ కొండకూ చోటు మిగులుతుంది. టీటీలో గేజ్ లెక్క దాదాపు సరిగ్గా ఉంది: 12 మి.మీ.ను 120తో హెచ్చిస్తే 1440. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు మంచి దారే. కాకపోతే పాత ఇంజన్లలో ఓఓకు ఉన్నంత వెరైటీ దానికి ఇంకా రాలేదు.

మామూలు ఇంటి గదికి నా ఓటు ఓఓలో చిన్న బ్రాంచ్ లైన్ చివరి స్టేషన్‌కే. నైరుతి ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతపు యాష్‌బర్టన్‌ను తీసుకోండి. టోట్నెస్ నుంచి వచ్చే లైన్ 1872లో అక్కడికి చేరింది. అప్పుడు వేసింది ఏడడుగుల బ్రాడ్ గేజ్, మన 5 అడుగుల 6 అంగుళాల బ్రాడ్ గేజ్ కంటే కూడా వెడల్పు. 1892లో మామూలు గేజ్‌కు మార్చారు. ప్యాసింజర్ రైళ్లు 1958లో ఆగిపోయాయి. ప్లాట్‌ఫాం మీద చెక్క కప్పు, పక్కన గూడ్స్ షెడ్డు, చిన్న ఇంజన్ షెడ్డు, అంతే స్టేషన్. వచ్చే రైలు కూడా అంత చిన్నదే: గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారి 1400 క్లాస్ ట్యాంక్ ఇంజన్ (నీళ్లు, బొగ్గు తన మీదే మోసే చిన్న ఇంజన్), దానికి ఒకే ఒక ఆటోకోచ్. తిరుగు ప్రయాణంలో డ్రైవర్ కోచ్ చివరి క్యాబిన్‌లో కూర్చుని నడుపుతాడు, ఇంజన్ వెనక నుంచి తోస్తుంది. ఇంజన్‌ను అటునుంచి ఇటు తిప్పి తగిలించే పనే లేదు. ఓఓలో ఈ రైలు మొత్తం 40 సెం.మీ. లోపే. స్టేషన్‌ను ఒక గోడ పొడవునా నేరుగా పరిచి, పట్టాలను వంతెన కిందుగా వెనక దాచిన యార్డులోకి పంపితే బిగుతు మలుపు చూసేవాళ్ల కంట పడదు. రైలును ఎక్కువగా పక్క నుంచే చూస్తాం కాబట్టి ఇరుకు గేజ్ కూడా పెద్దగా తెలియదు.

పట్టాల మీద మాత్రం కక్కుర్తి పడొద్దు. సెట్‌తో వచ్చే పట్టా 2.54 మి.మీ. ఎత్తు, స్లీపర్లేమో దగ్గరదగ్గరగా ఉంటాయి. స్టీమ్ కాలపు బ్రిటిష్ పట్టా బుల్‌హెడ్, అంటే పైనా కిందా ఉబ్బెత్తుగా ఉండే పట్టా. స్లీపర్ల మీద ‘కుర్చీ’ అనే ఇనుప పట్టుల్లో దాన్ని పెట్టి, చెక్క ముక్కలు దిగగొట్టి బిగించేవారు, స్లీపర్ల మధ్య ఎడం ఎక్కువ. ఓఓలో అలాంటి పట్టాలు, పాయింట్లు ఇప్పుడు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. రెండో ఇంజన్ కొనే డబ్బు వీటికి పెట్టండి. కంకర కూడా అన్నిచోట్లా ఒకేలా చల్లకండి, పాత యార్డుల్లో ఎక్కువగా పరిచింది బొగ్గు బూడిదే.

ఇక ఓ. ఇంజన్ బరువుగా, హుందాగా కదిలే తీరు చిన్న సైజుల్లో రాదు. అందులో నాకు సందేహమే లేదు. అదే ఆటోకోచ్ రైలు ఇందులో 70 సెం.మీ. లోపే పడుతుంది కాబట్టి పొడవాటి గోడ ఒకటి ఖాళీగా ఉండి, ఒకటి రెండు ఇంజన్లతో తృప్తిపడే మనిషైతే యాష్‌బర్టన్ లాంటి స్టేషన్‌ను కొంత కుదించి ఓలోనే కట్టొచ్చు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. ఏ సైజైనా డబ్బు కట్టేముందు ప్లాట్‌ఫాం, పాయింట్లు, రైలు పొడవు మోడల్‌లో ఉండబోయే కొలతల్లోనే పాత పేపర్ల మీద కత్తిరించి, మోడల్ పెట్టబోయే గోడ పక్కన నేల మీద పరిచి చూడండి. తలుపు తెరుచుకోకపోతే ఒక సైజు కిందికి దిగాలి.