సిఫార్సు ఉత్తరం చూసి చెప్తా: లింకన్ కొడుకా, రూజ్‌వెల్ట్ కొడుకా?

మన దగ్గర నాయకుల వారసుల మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను అమెరికాకి లాక్కెళ్తారు. తండ్రి దేశాధ్యక్షుడు, కొడుకు సైన్యంలో అధికారి, ఆపైన వ్యాపారం. ఈ బాపతులో రాబర్ట్ లింకన్ మేలా, చిన్న థియోడర్ రూజ్‌వెల్ట్ మేలా అని అడుగుతారు. పదవులు లెక్కపెడితే ఇద్దరూ ఇద్దరే. రాబర్ట్ యుద్ధ మంత్రి, లండన్‌లో రాయబారి. ఇంట్లో టెడ్ అని పిలిచే రూజ్‌వెల్ట్ కొడుకేమో పోర్టోరికో గవర్నరు, తర్వాత ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్. తండ్రికి అంత పేరుండగా పదవులు రావడంలో వింతేముంది? ఇద్దరి కథలోనూ ఒక్కో సిఫార్సు ఉత్తరం ఉంది. నా తూకం దానితోనే.

మొదటిది అమెరికా అంతర్యుద్ధం చివరి రోజుల్లో, 1865 జనవరి 19న అబ్రహాం లింకన్ తన సేనాధిపతి జనరల్ గ్రాంట్‌కి రాసింది. నేను అధ్యక్షుణ్ణన్న సంగతి పక్కనపెట్టి స్నేహితుడి ఉత్తరంలా చదవండి అని మొదలుపెట్టాడు. మావాడికి ఇరవై రెండో ఏడు, హార్వర్డ్‌లో చదువైపోయింది, యుద్ధం ముగిసేలోగా కాస్త చూస్తానంటున్నాడు. మామూలు సిపాయిగా పంపడం నాకిష్టం లేదు. ఎన్నాళ్ళుగానో పనిచేస్తున్నవాళ్ళకు దక్కాల్సిన హోదా వీడికి ఇవ్వడమూ ఇష్టం లేదు. మీ పరివారంలో పేరుకి ఏదో ఒక పదవిలో పెట్టుకుంటారా, ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇదీ సారాంశం. ఎంత మొహమాటం! చదివితే ఆ తండ్రి మీద జాలేస్తుంది కూడా. అప్పటికే ఇద్దరు కొడుకులు జబ్బు చేసి పోయారు, పెద్దవాణ్ణి యుద్ధానికి పంపడానికి తల్లి ఒప్పుకోదు. గ్రాంట్ కుర్రాణ్ణి కెప్టెన్‌గా చేర్చుకున్నాడు. ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపొమాటొక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయినప్పుడు రాబర్ట్ అక్కడే ఉన్నాడు. జూన్‌లో రాజీనామా చేశాడు. అంతా కలిపితే నాలుగు నెలల కొలువు.

రెండో ఉత్తరం 1944 మే నెలాఖరుది. ఇది కొడుకు తన కోసం తానే రాసుకున్నది. అప్పటికి టెడ్ బ్రిగేడియర్ జనరల్, వయసు 56, కీళ్ళనొప్పులు, చేతికర్ర. మొదటి ప్రపంచ యుద్ధంలోనే తూటా దెబ్బా, విషవాయువూ రెండూ తిన్నవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీలో మొదటి పడవలతోనే దిగుతానని నోటిమాటగా అడిగితే పై అధికారి బార్టన్ కాదన్నాడు. అప్పుడు కాగితం మీద పెట్టాడు. ముందు దిగే కుర్రాళ్ళనీ, వాళ్ళ అధికారుల్నీ నేనెరుగుదును, నేను వెంట ఉంటే వాళ్ళకి నిబ్బరంగా ఉంటుంది అని. బార్టన్ ఒప్పుకున్నాడు, మనిషి ప్రాణాలతో మిగులుతాడన్న ఆశ లేకుండానే.

జూన్ 6న నార్మండీలో యూటా అని పేరుపెట్టుకున్న తీరంలో పడవలు అనుకున్న చోటు నుంచి దాదాపు రెండు కిలోమీటర్లు పక్కకు కొట్టుకుపోయాయి. టెడ్ కర్ర పట్టుకుని ఇసుకలో నడిచి, ఎక్కడున్నామో చూసుకుని, యుద్ధం ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం అన్నాడు. గుండ్లు పడుతుంటే ఒడ్డుకూ గట్టుకూ మధ్య తిరుగుతూ, దిగిన ఒక్కో జట్టుకీ దారి చూపించాడు. అదే రోజు ఆయన కొడుకు ఆ పక్కనున్న ఒమాహా తీరంలో దిగాడు. జూలై 12న టెడ్ గుండెపోటుతో పోయాడు. అమెరికా సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఆ తర్వాత వచ్చింది.

సిఫార్సుని ఇలా వాడుకున్నవాడు ఇంకొకడు నాకు తగల్లేదు.

వ్యాపారం దగ్గర మాత్రం టెడ్ సాదాసీదా. తివాచీల మిల్లులో మొదలై, పెట్టుబడుల వ్యవహారం, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, చివరికి పుస్తకాల ప్రచురణ. ఎక్కడా పాతుకుపోలేదు. రాబర్టే గట్టివాడు. పడక రైలుపెట్టెల పుల్‌మన్ కంపెనీకి వకీలు, 1897లో యజమాని పోయాక పగ్గాలు పట్టి 1911 దాకా నడిపాడు, ఆపైన ఛైర్మన్ అయ్యాడు. ఆ పెట్టెల్లో రాత్రంతా పక్కలు వేసి, ప్రయాణికుల బూట్లు తుడిచే పోర్టర్లు దాదాపు అందరూ నల్లవాళ్ళు. వాళ్ళ పేరేదైనా సరే, పిలిచేది మాత్రం యజమాని జార్జ్ పుల్‌మన్ పేరుతో, ‘జార్జ్’ అనే. 1915 నాటి ప్రభుత్వ విచారణలో తేలిన జీతం నెలకు 27.50 డాలర్లు, మిగతాది టిప్పుల దయ. అప్పుడు కంపెనీ ఛైర్మన్ ఎవరు? బానిసత్వాన్ని రద్దుచేసిన మనిషి కొడుకు. ఆయన లాభాల పట్టిక ఎంత బాగున్నా నాకు గొంతు దిగదు.

కేవలం వ్యాపారమే కొలబద్ద అంటే ఇద్దర్నీ వదిలేసి వెబ్ హేస్‌ని పట్టుకోండి. అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్ కొడుకు. క్లీవ్‌లాండ్‌లో నేషనల్ కార్బన్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు. 1914లో ఎవరెడీని కొన్నది ఆ కంపెనీయే, అంటే మన టార్చిలైట్లలోని బ్యాటరీ వంశం. 1917లో అది యూనియన్ కార్బైడ్‌లో కలిసింది (భోపాల్ ఆయన నెత్తిన రుద్దకండి, 1934లోనే పోయాడు). సైన్యంలోనూ తక్కువవాడు కాదు. 1899 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని వీగన్‌లో, రాత్రిపూట ఒంటరిగా శత్రువుల మధ్య నుంచి చొచ్చుకుపోయి, చిక్కుకున్న తనవాళ్ళను చేరి, తెల్లారి తిరిగొచ్చి నౌకాదళానికి కబురందించాడు. మెడల్ ఆఫ్ ఆనర్ ఆయనకీ ఉంది. అయినా ఆయన గురించి ఇంతవరకు నన్నొక్కరూ అడగలేదు.