మోటారు మూత: చేతితో వేయించాలా, ప్రెస్సులో నొక్కించాలా?

విశాఖ హార్బరు వైపు ఉప్పుగాలికి మోటార్ల రేకు మూతలు తుప్పుపట్టి పొరలుగా ఊడటం మొదలైతే, గాజువాక ఆటోనగర్‌కు ఫైబర్ మూతల కోసం వస్తారు. రాగానే ధర అడుగుతారు. నేనైతే ముందు అడిగేది, ఎన్ని కావాలని.

నలభై, యాభై అయితే చేతిపనే మేలు. ఫైబర్ అచ్చుకు మైనం రాసి, పైకి కనిపించే నునుపు పూత అయిన జెల్‌కోట్ పూసి, గాజుపీచు మ్యాట్ పరిచి, గట్టిపడే జిగురులాంటి పాలియెస్టర్ రెసిన్‌తో తడిపి, రోలర్‌తో గాలి బుడగలు బయటికి తోస్తారు. అచ్చు ఖర్చు తక్కువ, ఆకారం మార్చుకోవడమూ తేలికే. బరువు పడే చోట నేత గుడ్డ అదనంగా వేయవచ్చు. కానీ నునుపు ఒకవైపే ఉంటుంది, మందం పనివాడి చేతిని బట్టి మారుతుంది. వానాకాలంలో మ్యాట్ తేమ పీలిస్తే రెసిన్ సరిగా పట్టక తెల్లమచ్చలు తేలతాయి. రూపాయి బిళ్లతో తట్టి చూడండి: పొరలు గట్టిగా అతికినచోట ఖంగుమంటుంది, లోపల గాలి ఉన్నచోట డొల్లగా మోగుతుంది.

వేలల్లో కావాలంటే ఎస్‌ఎమ్‌సీ, అంటే షీట్ మోల్డింగ్ కాంపౌండ్. రెసిన్, తరిగిన గాజుపీచు, సుద్దపొడి కలిసిన మెత్తని షీటును తూకం వేసి కోసి, సుమారు 140 నుంచి 160 డిగ్రీల వేడిలో ఉన్న ఉక్కు అచ్చులో, అంటే డైలో పెట్టి ప్రెస్సుతో నొక్కుతారు. మూడు, నాలుగు మిల్లీమీటర్ల మూత కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. రెండు వైపులా నునుపు, రంధ్రాలూ బలానికి వేసే గట్లూ అందులోనే వచ్చేస్తాయి. కరెంటు మీటర్ల పెట్టెలు ఎక్కువగా ఇలా చేసినవే. అయితే షీటును చల్లని గదిలో ఉంచాలి, పైన కప్పిన ఫిల్ము విప్పి వదిలేస్తే రెసిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవం ఆవిరైపోయి షీటు పాడవుతుంది. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. డై ఖర్చు లక్షల్లో ఉంటుంది, డ్రాయింగులో తప్పు దొర్లితే ఆ ఖర్చు మళ్లీ మీదే.

కొన్ని వందల మూతలు, రెండు వైపులా నునుపు కావాలంటే మూసిన అచ్చులోకి రెసిన్ ఎక్కించే ఆర్‌టీఎమ్ (రెసిన్ ట్రాన్స్‌ఫర్ మోల్డింగ్) పద్ధతి ఉంది. పీచు లోపల జరగకుండా సర్దడం వచ్చిన మనిషి దొరికితేనే అటు వెళ్లండి.

చేతిపని సరుకు దింపుకునేటప్పుడు అన్నింటినీ తూచండి. ఒకే రకం మూతల్లో ఒకటి మిగతావాటికంటే బాగా తేలికగా తూగితే, ఒక పొర మ్యాట్ తగ్గిందేమో అక్కడే అడగండి.