కార్డు కంపెనీల ఒత్తిడా, చట్టం గడువా: అనుమతి లేకుండా పెట్టిన అంతరంగిక వీడియోను ఏది తీయిస్తుంది?

2020 డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డ్ అశ్లీల వీడియోల సైటు పోర్న్‌హబ్‌కు చెల్లింపులు ఆపేశాయి. ఆ వెంటనే, ఎవరు పెట్టారో తేలని లక్షల వీడియోలను సైటే పక్కన పెట్టేసింది. మాస్టర్‌కార్డ్ 2021 అక్టోబరు నుంచి నియమాలు బిగించింది: వీడియో పెట్టేవాళ్లకూ అందులో కనిపించేవాళ్లకూ వయసు, గుర్తింపు రుజువులు ఉండాలి, పెట్టకముందే పరిశీలించాలి, ఫిర్యాదును 7 పనిదినాల్లో తేల్చాలి.

బాధితురాలికి 7 పనిదినాలంటే చాలా ఎక్కువ. ఈలోపు కాపీలు వేరే సైట్లకు పాకుతాయి. కేవలం ప్రకటనలతో, క్రిప్టోతో నడిచే సైట్లకు కార్డు బెదిరింపు పెద్దగా తగలదు. పైగా కార్డు చెల్లింపులు ఆగితే ఇష్టపూర్వకంగా ఈ సైట్లలో పనిచేసేవాళ్ల ఆదాయమూ దెబ్బతింటుంది, అది అన్యాయమే.

మన 2021 ఐటీ నిబంధనలు మాత్రం, బాధితులో వాళ్ల తరఫువాళ్లో ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీయాలన్నాయి; 2026 ఫిబ్రవరిలో ఆ గడువును 2 గంటలకు తగ్గించారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ముందు ఈ దారే పట్టాలి. వీడియో పేజీ పూర్తి లింకు, అప్‌లోడ్ చేసిన ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించే స్క్రీన్‌షాట్ తీసుకోండి. సైటు పేరొక్కటే రాస్తే ఫిర్యాదు అక్కడే ఆగిపోవచ్చు. సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాస్తూనే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. నేరుగా మాట్లాడాలంటే మహిళల భద్రత కోసం పనిచేసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి. ఐటీ చట్టం 66ఈ (గోప్యత ఉల్లంఘన), 67ఏ (లైంగిక దృశ్యాల ప్రచురణ) సెక్షన్లు వర్తించవచ్చు. మైనర్ అయితే 67బీ కూడా. ఆ వీడియోను సాక్ష్యం కోసమైనా దించుకోవద్దు, ఫార్వర్డ్ చేయొద్దు, లింకు చాలు.

విదేశీ సైటు జవాబివ్వకపోతే అప్పుడు వీసా, మాస్టర్‌కార్డ్ వంటి కార్డు నెట్‌వర్క్‌కు అదే లింకు, ఫిర్యాదు నంబరుతో రాయండి.