పాత కూలర్ కొంటున్నారా? ముందు తొట్టి గోడలు చూడండి

ఏప్రిల్‌లో ఎండలు తట్టుకోలేక 1,800 రూపాయలకి సెకండ్ హ్యాండ్ కూలర్ తెచ్చుకున్నాం. తొట్టి ఎండిపోయి శుభ్రంగానే కనిపించింది. "నిరుడు వానాకాలం నుంచీ డాబా మీదే ఉందన్నా, నీళ్ళు పోసి స్విచ్ వేసుకోవడమే" అన్నాడు అమ్మినతను. నేను పసిగట్టాల్సింది ఆ డాబా మాటే.

నాలుగో రోజు మూత తీస్తే తోక పైకి, తల కిందికి పెట్టి వేలాడుతున్న దోమ పిల్లలు, అంటే లార్వాలు! నీళ్ళు పారబోసి మళ్ళీ నింపాను. వారం తిరక్కుండా మళ్ళీ అవే. బోరు నీళ్ళలోంచి వస్తున్నాయేమోనని పై ట్యాంకు కూడా కడిగించాను. దండగ ఖర్చు.

చివరికి మా వీధిలో లార్వా మందు చల్లడానికి వచ్చినాయన టార్చి వేసి చూపించాడు. పాత నీళ్ళ గీతకి కాస్త పైన, మసి అంటినట్టు నల్లటి చుక్కలు. గసగసాలకన్నా చిన్నవి. ఏడిస్ దోమ గుడ్లట. కాళ్ళ మీద తెల్ల చారలుండి పగలు కుట్టే, డెంగీని అంటించే దోమ అదే. తడి గోడకి అంటించిన ఆ గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. నీళ్ళు తగిలితే పొదుగుతాయి, అదీ విడతలు విడతలుగా. నేను ఎన్నిసార్లు పారబోసినా మళ్ళీ ఎందుకొచ్చాయో అప్పుడర్థమైంది.

జ్వరమొచ్చిన మనిషిని కుడితేనే దోమకి డెంగీ వైరస్ అంటుతుందనుకునేవాణ్ణి. ఎక్కువగా జరిగేది అదే. కానీ అరుదుగా తల్లి దోమ నుంచి గుడ్డులోకీ దిగుతుంది. రాజస్థాన్‌లో, కేరళలో ఇలా దిగినట్టు పరిశోధకులు గమనించారు. లార్వా కుట్టదు. వేసవి వేడికి వారం పది రోజుల్లో రెక్కలొచ్చాకే దాని పని.

అమ్మినతనికి ఫోన్ చేస్తే "దోమలకి గ్యారంటీ ఎవరిస్తారన్నా?" అన్నాడు. కూలరే కాదు, పాత టైర్లు, డ్రమ్ములు, పూలకుండీలు కొనేవాళ్ళదీ ఇదే కథ. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌కి ఏడిస్ జాతిదే అయిన పులి దోమ చేరింది దిగుమతైన పాత టైర్లలోనే అంటారు.

కొనేసి ఉంటే నీళ్ళు పోయకముందే గోడలు, మూలలు, పంపు కింద గట్టి బ్రష్షుతో రుద్దండి. ఉత్తినే తొలిపితే గుడ్లు ఊడవు. పాత గడ్డి పారేసి కొత్తది వేయించండి. ఇప్పటికే లార్వాలుంటే ఆ నీళ్ళు డ్రైనేజీలో కాకుండా ఎండ తగిలే పొడి నేల మీద పోయండి. మేము ప్రతి శుక్రవారం తొట్టి ఖాళీ చేసి తోముతున్నాం. మూడు వారాలైంది, ఒక్కటీ కనపళ్ళేదు.